ఆడ వెంపలి, మగ వెంపలి

నేను దొంగనని ముప్పై మంది ముందు ఒకావిడ అన్నది. పద్నాలుగు రోజుల తర్వాత అదే ముప్పై మంది ముందు కాదని ఒప్పుకున్నది. ఈ రెండు మాటలకూ మధ్య జరిగిందంతా రెండు పిచ్చిమొక్కల గురించే. మా ఇంట్లో పిల్లలు ఈ సంగతి నా నోట ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. ఇప్పుడు నేను గొంతు సవరించుకుంటే చాలు, లేచి పోతారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితం లేచి పోదు కదా.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు అది. నాకు పదిహేడేళ్లు. నంద్యాలలో ఆడవాళ్ల ట్రైనింగు స్కూల్లో రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆ ఏడు పరీక్ష పాసైతే ఎలిమెంటరీ బడిలో టీచరు ఉద్యోగం. మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె, ఊరికి ఎడంగా ఉండే పేట. మా నాయన రైతుల దగ్గర విత్తనాలు వేసే గొర్రు తోలేవాడు, మా అమ్మ కలుపు కూలికి పోయేది. మా పేటలో ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. పాసు కాకపోతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. తొలిక అని కలుపు తవ్వే చిన్న పార ఒకటుంటుంది. దాన్ని పట్టుకొని మా అమ్మ పక్క సాలులో కూర్చోవడమే. ఆ పని తక్కువని నేను అనను. కానీ నడుము ఎలా వంగిపోతుందో రోజూ చూసినదాన్ని.

లెక్కల్లో నేను వెనక. ఇంగ్లీషులో ఇంకా వెనక. భయం లేనిది ఒక్క ప్రకృతి పాఠమే. దానికి ఆల్బం ఒకటి చేయాలి. బయట తమంతట తాము మొలిచే మొక్కలు నలభై రకాలు, పువ్వుతో ఆకుతో సహా తెంపి, పాత పేపర్ల మధ్య పెట్టి, మీద బరువు పెట్టి ఎండబెట్టి, తెల్ల కాగితానికి దారంతో కుట్టి, కింద పేరు రాయాలి. చాలామంది పోయిన ఏటివాళ్ల పాత ఆల్బం తెచ్చుకొని అట్ట మార్చేవారు. అందువల్ల ఆ ఏడు ఒక నిబంధన పెట్టారు. ఆల్బంలో మోసం చేసినవాళ్లను పరీక్షకు పంపరు. ఆ నిబంధన చదివి వినిపించినప్పుడు నేను వెనక బెంచీలో కూర్చొని హాయిగా నవ్వుకున్నాను. మొక్కల విషయంలో నాకు మోసం చేయాల్సిన ఖర్మేమిటి? మా అమ్మ ఉందిగా!

దసరా సెలవులకు ఇంటికి పోయి నలభై మొక్కలూ అమ్మతో కలిసే ఏరాను. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ కొర్ర చేన్లో కొర్ర మొలకనూ, అచ్చం దానిలాగే ఉండే గడ్డి మొలకనూ రెండేసి ఆకుల మీద ఉన్నప్పుడే వేరు చేసేది. గట్టు మీద నిలబడి చూసే ఆసామికి రెండూ పచ్చగా కనిపించేవి, అంతే. పల్లేరు వేరు, ఏనుగు పల్లేరు వేరు. రెండు రకాల గలిజేరు వేర్వేరు. అడిగితే చెప్పేది కాదు. ముందు చేతిలో పెట్టేది, "పట్టి సూడు మే" అనేది. మా వైపు చనువున్న ఆడవాళ్లను మే అనే పిలుస్తారు. పట్టి చూస్తే ఒకటి జిగటగా ఉండేది, ఒకటి గరుగ్గా ఉండేది.

పేర్ల దగ్గర మాత్రం మా అమ్మకూ, మా పేట ఆడవాళ్లందరికీ ఒక పద్ధతి ఉంది. ఒకదాన్ని పోలిన మొక్క ఇంకొకటి ఉంటే, ఒకటి ఆడది, ఒకటి మగది. మందుకో కూరకో పనికొచ్చేది ఆడది. దేనికీ పనికిరానిది మగది. ఇదెక్కడి న్యాయమని మా నాయన ఒకసారి అడిగాడు. నిన్ను చూసే పెట్టినారులే అని అమ్మ అన్నది. ఆయన బీడీ ముట్టించుకున్నాడు.

ఆ పద్ధతే నా కొంప ముంచింది. వెంపలి తెలియనివాళ్లు ఆ సీమలో ఉండరు. మోకాలెత్తు గుబురు మొక్క, ఈనెకు అటూ ఇటూ వేలిగోరంత ఆకులు వరసగా, ఊదారంగు పువ్వు. వేరు నూరి కడుపునొప్పికి తాగుతారు. దానిలాగే ఇంకో మొక్క వంక గట్ల మీద ఉంటుంది. అంతే ఎత్తు, అదే ఈనె, అవే వరసాకులు. దాంతో మాకు పని లేదు. కాబట్టి మొదటిది ఆడ వెంపలి, రెండోది మగ వెంపలి. ఆల్బంలో పక్కపక్క పేజీల్లో కుట్టి, గుండ్రటి అక్షరాలతో ఆ పేర్లే రాశాను. ఎండేటప్పుడు రెండింటి పువ్వులూ చాలావరకు రాలిపోయాయి. మగదాని ఆకులు పచ్చగా ఉండక నల్లగా మాడినట్టయ్యాయి. పేపరు తడి ఆరలేదేమోలే అనుకున్నాను.

ప్రకృతి పాఠం చెప్పే టీచరు కోస్తా జిల్లా ఆవిడ. పెద్ద కళ్లజోడు, ఇస్త్రీ చీర, మాట పదును. పక్షపాతం మాత్రం ఎరగదు, అందరినీ సమానంగా తిట్టేది. నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం ఆల్బంలు తిరగేస్తూ నాది దగ్గరికి రాగానే ఆగింది. నన్ను లేవమన్నది. వెంపలిలో ఆడ ఏమిటి, మగ ఏమిటి అని అడిగింది. మా ఊళ్లో అలాగే అంటారన్నాను. నల్లబల్ల మీద వెంపలి పువ్వు బొమ్మ గీసింది. గుండ్రంగా పెద్ద రెక్క, పక్కన రెండు చిన్న రెక్కలు, లోపల కేసరాలు, వాటి మధ్య కాయ కట్టే భాగం. ఒకే పువ్వులో ఆడ భాగమూ మగ భాగమూ రెండూ ఉన్నాయని కర్రతో చూపించింది. బొప్పాయిలాగా ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు ఉండే జాతి కాదిది. మగ వెంపలి అనేది ప్రపంచంలోనే లేదన్నది.

"నీకు నలభయ్యోది దొరకలేదు. ఒకే మొక్కను రెండుసార్లు కుట్టావు. పట్టుబడకుండా ఆడా మగా అని పేర్లు పెట్టావు," అన్నది. "రెండోదాన్ని సరిగా ఎండబెట్టను కూడా లేదు, కుళ్లబెట్టావు. దీన్ని దొంగతనం అంటారు."

క్లాసంతా ఘొల్లుమన్నది. నా తల కొట్టేసినట్టయింది. అంతటితో నోరు మూసుకొని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కానీ చిన్నప్పటి నుంచీ నాకు కోపం ముక్కు మీదే. మా అమ్మ చెప్పింది తప్పు కాదు, మీకే తెలియదు అనేశాను. ఆవిడ ముఖం ఎర్రబడింది కానీ అరవలేదు. ఎర్ర సిరాతో ఆ రెండు పేజీల మీద అడ్డంగా గీత కొట్టి, "ఒకే మొక్క, మోసం" అని రాసి సంతకం పెట్టింది. పద్నాలుగు రోజుల్లో కర్నూలు నుంచి ఇన్‌స్పెక్టరమ్మ తనిఖీకి వస్తుందనీ, ఆల్బం ఆమె ముందే పెడతాననీ, నన్ను పరీక్షకు పంపాలో ఇంటికి పంపాలో ఆమె తేలుస్తుందనీ చెప్పింది. అప్పటిదాకా బడిపిల్లలకు పాఠాలు చెప్పే అభ్యాసానికి నేను పోకూడదు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. ఏడిచానా అంటే ఏడిచాను, దాచేదేముంది? కానీ దుఃఖం కంటే ఒళ్లుమంటే ఎక్కువ. నన్నంటే అన్నది, మా అమ్మ చెప్పిన మొక్క లేనే లేదంటుందా? తెల్లారేసరికి ఒక నిశ్చయానికి వచ్చాను. రెండు మొక్కలూ పచ్చివి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాలి. వెతకడం మొదలుపెట్టాను. నంద్యాల చుట్టూ నల్లరేగడి, వెంపలి పెద్దగా కనిపించదు. రైలుకట్ట పక్కన గరుసు నేలలో మాత్రం కావలసినంత దొరికింది. మగది ఎంత తిరిగినా ఒక్కటీ లేదు. కట్ట వెంబడి నేను పొదల్లోకి తలదూర్చి తిరుగుతుంటే గేటు దగ్గరి మనిషి ఏం పోగొట్టుకున్నావమ్మా అని అడిగాడు. మగదాన్ని వెతుకుతున్నానని చెప్పబోయి నాలిక కరుచుకున్నాను.

ఇంటికి పోవడానికి స్కూలు వాళ్లు ఒక్క శని ఆదివారాలకే ఒప్పుకున్నారు, అదీ తనిఖీకి సరిగ్గా ముందు వచ్చేవి. ఆళ్లగడ్డ బస్సు దిగి, అక్కడి నుంచి నడిచి, ఇంటికి కూడా పోకుండా నేరుగా అమ్మ పని చేస్తున్న పత్తి చేనుకే పోయాను. అమ్మ సాలులో కూర్చొని కలుపు తీస్తోంది. అన్నాళ్ల కోపమూ ఆమె మీద కుమ్మరించాను. నీ ఆడ మొగ అన్న మాట నన్ను ముంచిందనీ, రెండూ ఒకటేనంటున్నారనీ, నన్ను దొంగను చేసి ఇంటికి పంపబోతున్నారనీ. అమ్మ తలెత్తలేదు. తొలిక ఆడుతూనే ఉంది.

"ఆకు తుంచి సూసిందా ఆయమ్మ?" అన్నది.

లేదన్నాను.

"తుంచకుండా ఎట్ల సెప్తాది?"

లేచి, చెయ్యి తుడుచుకొని, గట్టు మీదున్న వెంపలి కొమ్మ ఒకటి వంచింది. ఒక చిన్న ఆకు కొసను రెండు వేళ్లతో పట్టుకొని తిన్నగా లాగింది. ఆకు అడ్డంగా చిరగలేదు. కత్తెరతో కత్తిరించినట్టు ఏటవాలుగా రెండు వైపులా తెగింది. చేతికి వచ్చిన ముక్క బాణం ములుకులాగుంది, కొమ్మన మిగిలిన ముక్క చేప తోకలాగుంది. ఇంకొకటి లాగింది. అంతే. పదో ఆకు కూడా అంతే. నేను లాగినా అంతే. ఆకు లోపలి సన్నటి ఈనెలు నడి ఈనె నుంచి అంచుల వైపు ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి గీత గీసినట్టు పోతాయి. చిరిగేటప్పుడు ఆ గీత వెంబడే చిరుగుతుంది. చిన్నప్పుడు మేమంతా ఆ ములుకులు చేసి ఒకరి జడలో ఒకరు గుచ్చుకునేవాళ్లం. ఆడుకున్నదాన్నే, పరీక్షకు పనికొస్తుందని నా బుర్రకు తట్టనే లేదు. ట్రైనింగు స్కూలు చదువు నా తలకెక్కి అమ్మ చదువు దిగిపోయిందన్నమాట.

మొగది ఎట్ల చిరుగుతాదని అడిగాను. యట్ల పడితే అట్ల, అన్నది అమ్మ. ములుకు రాదు. ఆ ఒక్క తేడాతోనే చీకటి పడ్డాక కూడా మందు వేరును తడబడకుండా తవ్వుకొస్తామన్నది. మరి ఇంత తెలిసిన మనిషివి, పువ్వులో తేడా ఏందో అది కూడా చెప్పు, పుస్తకాలవాళ్లు పువ్వునే అడుగుతారు అన్నాను. మా అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"పువ్వు యట్లుంటాదో నాకేం తెలుసు మే? పువ్వు పూసేదాంక ఇడిస్తే నేను కలుపు తీసినట్లా?"

నిజమే. ఆమె చేతిలోకి వచ్చే ప్రతి మొక్కా పువ్వు పూయకముందే వచ్చేది. పువ్వు పూసి గింజ రాలిందంటే ఆసామి చేత మాట పడాల్సిందే. అందుకే ఆమెకు ఆకు తెలుసు. టీచరుకు పువ్వు తెలుసు. రెండూ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఆ గట్టు మీద నిలబడి, సరే, నేనే తెలుసుకుంటాను అనుకున్నాను. అంత పొగరు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో, ఇప్పుడు తలచుకున్నా సంతోషంగా ఉంటుంది.

ఆదివారం పేట చర్చిలో ప్రార్థన కాగానే ఇద్దరం వంక గట్టుకు పోయాం. అక్కడ రెండు మొక్కలూ పూసి ఉన్నాయి. తుమ్మముల్లు ఒకటి చేత పట్టుకొని ఒక్కొక్క పువ్వునూ విప్పుకుంటూ కూర్చున్నాను. వెంపలి పువ్వు పెద్దది, ఊదారంగు, పెద్ద రెక్క వీపు మీద పట్టులాంటి నూగు. పూలకొమ్మ కూడా ఆకుకు ఎదురు వైపునుంచి పొడుగ్గా పైకి లేస్తుంది. మగదాని పువ్వు గోరులో సగం లేదు, ఎర్రటి గులాబి రంగు. పూలగుత్తి పొట్టి, ఆకు మొదట్లో చంకలోనుంచి పుడుతుంది. వెంపలి కాయ బల్లపరుపు, మగదాని కాయ గుండ్రం, దారపు ముక్కలాగ సన్నగా కిందికి వంగి ఉంటుంది. ఇన్ని తేడాలు కళ్లముందే పెట్టుకొని ఇన్నేళ్లూ ఆకు ఒక్కటే చూశామా అనిపించింది. పువ్వులు విప్పి అమ్మకు చూపించాను. అమ్మ కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది. ఈడ ఇంత ఉండాదా, అన్నది నెమ్మదిగా. మా అమ్మకు తెలియని మొక్క సంగతి నేను చెప్పడం అదే మొదటిసారి. మా ఇద్దరిలో ఎవరికి ఎక్కువ సంతోషమయిందో చెప్పలేను.

మగదాన్ని వేరుతో సహా తవ్వి, పాత కిరసనాయిలు డబ్బాలో మట్టితో పెట్టింది అమ్మ. వేరు రాకుండా సతాయిస్తే దాన్నీ, నన్నూ, టీచరునూ కలిపి తిట్టింది. బస్సులో కండక్టరు డబ్బాను టాపు మీద పెట్టమన్నాడు. గాలికి ఆకులన్నీ రాలిపోతాయని నేను ససేమిరా అన్నాను. ఇదేమన్నా తులసి చెట్టా, పిచ్చిమొక్కేగా అన్నాడు. ఈ పిచ్చిమొక్క బతికితేనే నేను టీచరునవుతానప్పా అని చెప్పాను. ఆయనకు ఏమర్థమయిందో గానీ నవ్వి వదిలేశాడు. నంద్యాల చేరేదాకా డబ్బాను ఒళ్లోనే పెట్టుకొని కూర్చున్నాను, చీరంతా మట్టి.

తనిఖీ మంగళవారం. పొద్దున్నే లేచి రైలుకట్ట దగ్గర వెంపలి కొమ్మలు పూలతో సహా ఒక కట్ట తెంపుకొచ్చి నీళ్లలో పెట్టాను. ఇన్‌స్పెక్టరమ్మ మద్రాసులో చదువుకున్న పెద్దావిడ, నెరిసిన తల, చేతికి మగవాళ్ల గడియారం. మా టీచరు ఆల్బం ఆ రెండు పేజీల దగ్గరే తెరిచి ఆమె ముందు పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది, నేను ఎదురు మాట్లాడినది కూడా. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. నీవేమంటావని ఇన్‌స్పెక్టరమ్మ నన్నడిగింది. ఇంటికి పంపేస్తే అమ్మ ముఖం ఎలా చూడాలో అని అదొక్కటే తలలో తిరుగుతోంది.

ముందు నా తప్పు ఒప్పుకున్నాను. ఆడా మగా అని రాయడం తప్పే, టీచరుగారు చెప్పినట్టు ఈ జాతిలో అలాంటి తేడా లేదు, అది మా పేటలో వాడుక మాట. కానీ ఇవి రెండూ ఒకే మొక్క కావు. రెండు వేరే వేరే మొక్కలకు మేము ఒకే పేరు పెట్టుకున్నాం, అంతే. తర్వాత డబ్బానూ, వెంపలి కట్టనూ బల్ల మీద పెట్టి, దయచేసి ఒక ఆకు కొస పట్టుకొని లాగండి అన్నాను.

ఇన్‌స్పెక్టరమ్మ వెంపలి ఆకు లాగింది. ములుకు వచ్చింది. ఇంకొకటి లాగింది. మళ్లీ ములుకే. డబ్బాలో మొక్క ఆకు లాగింది. గుడ్డపేలిక చిరిగినట్టు వంకరటింకరగా చిరిగింది. ఆమె రెండింటినీ మా టీచరు వైపు జరిపింది. మా టీచరు కళ్లజోడు సవరించుకొని లాగడం మొదలుపెట్టింది. రెండు, నాలుగు, పది. బల్ల మీద ఒక పక్క ములుకులు, ఒక పక్క పేలికలు పోగుపడ్డాయి. వెనక బెంచీలవాళ్లు ఒక్కొక్కరే లేచి వచ్చి బల్ల చుట్టూ మూగారు. అప్పుడు పువ్వులు తీశాను. పెద్ద రెక్క వీపు మీది నూగు, పూలకొమ్మ పుట్టే చోటు, కాయ, అన్నీ ముల్లుతో విప్పి చూపించాను. కాయ దగ్గరికి వచ్చేసరికి నంద్యాలంతా వినేంత గట్టిగా చెబుతున్నానట. తర్వాత హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి చెప్పింది.

ఇన్‌స్పెక్టరమ్మ ఆల్బంలోని ఆ నల్ల ఆకు మీద వేలు పెట్టింది.

"ఇది కుళ్లలేదు. నీలి ఆకు ఎండితే ఇలాగే నల్లబడుతుంది. ఇది నీలి మొక్క. మా తాతల కాలంలో దీన్నుంచే రంగు తీసేవాళ్లు," అన్నది.

నీలి అంటే మా పేటలో బట్టలకు పెట్టే నీలిమందు పొట్లమే. ఆ పేరు మొక్కకు ఉందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. దేనికీ పనికిరాదని మా వాళ్లు మగదని పేరు పెట్టిన మొక్క, ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లకే బతుకిచ్చిందట. మా నాయన వింటే ఎంత మురిసిపోయేవాడో.

మా టీచరు ఎర్ర సిరా కలం తీసింది. రెండు పేజీల మీద తాను రాసిన మాటను తానే కొట్టేసింది. ఒకదాని మీద వెంపలి అనీ, ఇంకొకదాని మీద నీలి అనీ రాసి, పక్కన సంతకం పెట్టి, క్లాసు వైపు తిరిగింది. ఈ అమ్మాయి దొంగ కాదు, పొరపాటు నాది, మొక్కను చూడకుండా పేరును చూశాను అన్నది. ముప్పై మందికీ వినబడేటట్టే అన్నది. అన్న నోటితోనే కాదని అనడానికి ఎంత గుండె కావాలో, నేను టీచరునై, పిల్లల ముందు ఆ మాట అనాల్సి వచ్చినప్పుడు తెలిసింది. నాలుగుసార్లు అన్నాను. నాలుగుసార్లూ ఆవిడే గుర్తొచ్చింది.

ఈ అమ్మాయిని పరీక్షకు పంపండి అని ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకంలో రాసింది. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. ఆ రోజుల్లో మేము కూలోళ్ల పిల్లలమని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉండేది. చేరేటప్పుడు అడిగితే వ్యవసాయం అని మాత్రం రాయించాను. ఆ రోజు సిగ్గు ఎక్కడికి పోయిందో! మా అమ్మ దగ్గర, మా అమ్మ కలుపు కూలికి పోతుంది అని తలెత్తి చెప్పాను. పువ్వు సంగతి మాత్రం నాదే అని కూడా చెప్పాను. దాన్నెందుకు వదులుకోవాలి?

తర్వాతి శనివారం మా టీచరు క్లాసు మొత్తాన్నీ బస్సెక్కించి ఆళ్లగడ్డ మీదుగా మా పల్లెకు తీసుకొచ్చింది. మా అమ్మకు కబురు చేయడానికి కూడా వ్యవధి లేదు. ఆమె అదే పత్తి చేన్లో, చీర కొంగు నడుముకు బిగించి, సాలులో కూర్చొని ఉంది. ముప్పై మంది ఆడపిల్లలు, ఒక కళ్లజోడు టీచరమ్మ గట్టు మీద వరసగా వచ్చి నిలబడేసరికి, నేనేదో పెద్ద తప్పు చేశానని ఆమె అనుకుంది. తొలిక కింద పెట్టి లేచింది. పక్క సాళ్లలో కూలోళ్లంతా పని ఆపి చూస్తున్నారు. నేను చెప్పబోతున్నాను, ఇంతలోనే మా టీచరు చెప్పులు విడిచి గట్టు దిగి చేన్లోకి వచ్చింది. వంగి, చేతికి దొరికిన ఒక మొక్కను పీకి, మా అమ్మ ముందుకు చాపింది.

"ఇదేమిటో చెప్పండమ్మా. మీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చాం," అన్నది.

మా అమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఎవరినో అంటున్నారనుకుంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఏ చదువుకున్న మనిషీ ఆమెను అండీ అని పిలవలేదు, ఆసాములైతే సరే సరి. వెనక పత్తి చెట్లే ఉన్నాయి.

"నిన్నే మా," అన్నాను.

అమ్మ చేతులు చీరకు తుడుచుకొంది. ఆ మొక్కను అందుకుంది, పేరు చెప్పలేదు. తిరిగి మా టీచరు అరచేతిలోనే పెట్టి, ఆమె వేళ్లను తన వేళ్లతో ముడిచి, "పట్టి సూడు మే" అన్నది. టీచరును మే అనకూడదని నేను పక్కనుంచి గొణిగాను. ఇద్దరిలో ఎవరూ నా మాట వినిపించుకోలేదు.